పొదుగు దగ్గర మాట్లాడే మాటలు

మా అవ్వకు కుడి ఎడమలతో పని లేదు. కొండ ఏ పక్కనుంటే అది ఎగువ, దాని ఎదురుది దిగువ. కంట్లో నలుసు పడినా అంతే. "ఎగవ కన్ను మండతాండాది, రవ్వంత ఊదు పాపా" అనేది. ఊదడానికి వీలుగా ఇటు తిరిగి కూర్చోమనేదాన్ని. తిరిగి కూర్చున్నాక, "ఇప్పుడు అది దిగువ కన్ను కదా?" అని లా పాయింటు తీసేదాన్ని.

"కన్ను మండతాండేది నాకు. దాని పేరుతో నీకేం పని? ఊదుతావా లేదా?"

నా వాదన అప్పటినుంచే ఉంది. అది ఎవరినుంచి వచ్చిందో చాలా ఏళ్ల తరవాత ఒక ఆవు చెప్పింది. ఆ సంగతే ఇది.

మా పల్లె పుంగనూరు దగ్గర. దగ్గర అనేది మాటవరసకు. పుంగనూరులో బస్సెక్కి, దిగువూరిలో దిగి, అక్కడినుంచి గంటసేపు పైకి నడవాలి. ఇరవై ఇళ్లు, చుట్టూ గుట్టలు. గోడగడియారం ఉన్నది ఒకే ఒక ఇంట్లో. అదీ ఎప్పుడో ఆగిపోయింది. కాబట్టి మాకు కాలమంతా తిండితోనూ పశువులతోనూ నడిచేది. మొబ్బు అంటే ఇంకా తెల్లవారని వేళ. సద్దియాళ అంటే రాత్రి మిగిలిన సంగటిని మజ్జిగలో పిసుక్కుని తాగే వేళ, తొమ్మిదికి అటూ ఇటూ. సంగటియాళ అంటే నడిమధ్యాహ్నం. పసువులు తిరుక్కునే యాళ అంటే అవి మేసి ఇంటికి మళ్లే సాయంత్రం. దూరాలకూ అట్లాంటి లెక్కే. కేకేస్తే వినబడేంత మేర కూతదూరం. అంతకు మించినదంతా దూరం. అంతే, దాంట్లో మళ్లీ రకాలు లేవు.

ఈ కొలతలను చూసి నవ్వేవాళ్లకు ఒక మాట. "సద్దియాళకు వస్తా" అన్న మనిషి మా పల్లెలో సద్దియాళకే వచ్చేవాడు. చేతికి వాచీ, చేతిలో ఫోనూ ఉన్న మనిషి "ఐదు నిమిషాల్లో ఉంటా" అంటే ఎప్పుడొస్తాడో అతనికే తెలియదు.

అయితే మొదట నవ్వులపాలైంది నేనే. తొంభైల మొదట్లో మదనపల్లెలో డిగ్రీలో చేరాను. హాస్టలు గదిలో పెట్టె దించగానే పక్క మంచం అమ్మాయి, "ఎప్పుడొచ్చావు?" అనడిగింది. "సద్దియాళకే బస్సు దిగినా" అన్నాను. గదిలో ఉన్న నలుగురూ పొట్ట పట్టుకుని నవ్వారు. తరవాత నెలరోజులపాటు నా పేరు సద్దియాళ. "సద్దియాళా, నీళ్లొచ్చాయి రా." "సద్దియాళా, నీ ఉత్తరం వచ్చింది."

నవ్వితే ఏడ్చే రకం కాదు నేను, కక్ష కట్టే రకం. లైబ్రరీలో పాత దినపత్రికల సంపాదకీయాలు తెచ్చుకుని నీళ్లగదిలో తలుపేసుకుని గట్టిగా చదివాను. యాడ పోయి ఎక్కడ వచ్చింది. యాల పోయి ఎందుకు వచ్చింది. సూడు పోయి చూడు వచ్చింది. రెండో ఏడాదికి వక్తృత్వపు పోటీలో తెలుగు భాష తియ్యదనం గురించి పదిహేను నిమిషాలు మాట్లాడి కప్పు గెలుచుకున్నాను. ఆ పదిహేను నిమిషాల్లో మా అవ్వ నోటి మాట ఒక్కటి కూడా లేదు. అది తప్పని అప్పుడు అనిపించలేదు. నన్ను సద్దియాళ అన్న పిల్ల మూడో వరసలో కూర్చుని చప్పట్లు కొడుతోంది, నాకు అది చాలు.

సెలవులకు ఇంటికి వెళ్లి అవ్వను దిద్దడం మొదలుపెట్టాను.

"యాడికి కాదవ్వా, ఎక్కడికి అనాలి."

"ఎక్కడికి అంటే బిన్నా పోతామా? యాడికి అంటే ఆలీసమవుతాదా?"

"అట్లా కాదు, నలుగురిలో బాగుంటుంది."

"ఆ నలుగురూ ఈడికి వచ్చి పేడ ఎత్తేట్టయితే అట్లే అంటాలే. గమ్మునుండు."

అవ్వ రోజు మొదలయ్యేది కొట్టంలో. మొబ్బులోనే లేచి, పాలు పిండే దుత్త కడుక్కుని, ఆవు దగ్గరికి పోయేది. ఆ సమయంలో ఇంకెవరూ కొట్టం గడప తొక్కకూడదు. మా నాయన కూడా. "మనిషి అలికిడైతే ఎగజేపుతాది" అనేది అవ్వ. చేపడం అంటే పాలు పొదుగులోకి దించడం, ఎగజేపడం అంటే దించకుండా పైకి బిగబట్టడం. నేను పడుకునే చోటికీ కొట్టానికీ మధ్య ఒక మట్టిగోడ. తెల్లవారుజామున సగం నిద్రలో ఆ గోడ అవతలినుంచి అవ్వ గొంతు సన్నగా, ఆగకుండా వినిపించేది. దానితోపాటు దుత్తలో పాలధార పడే చప్పుడు. ఏం మాట్లాడుతుందో ఎప్పుడూ చెవిపెట్టి వినలేదు. జోలపాటలాంటిదేదో అనుకున్నాను. చాలా ఏళ్లు అట్లాగే అనుకున్నాను, ఒకరిద్దరికి గొప్పగా చెప్పుకున్నాను కూడా.

డిగ్రీ అయ్యాక నన్ను కుప్పంలో ఇచ్చారు. మా ఆయన ఒక బడిలో గుమాస్తా. నెమ్మదస్తుడు. ఇంట్లో ఎవరు వాదించుకుంటున్నా పేపరు ముఖానికి అడ్డం పెట్టుకోగలడు. మా అత్త గుడుపల్లె పక్కనుంచి వచ్చిన మనిషి. నోరు నాకంటే ఒక అంగుళం పెద్దది. ఇద్దరం ఒకే వంటింట్లో ఎట్లా బతికామని చుట్టాలు ఇప్పటికీ అడుగుతారు. బానే బతికాం. వాదించుకునేవాళ్లకు ఎదుటిమనిషి మనసులో ఏముందో వెతుక్కునే పని ఉండదు.

మా వైపు ఒక ఆనవాయితీ ఉంది. ఆడపిల్ల తొలికాన్పు అయ్యి, బిడ్డను ఎత్తుకుని అత్తగారింటికి తిరిగి పోయేటప్పుడు, ఆ బిడ్డ పాలకోసం పుట్టింటివాళ్లు ఈనిన ఆవును దూడతోసహా తోలిస్తారు. స్తోమత లేనివాళ్లు మేకను ఇస్తారు, అదీ లేనివాళ్లు చెంబు ఇస్తారు. నాకు కూతురు పుట్టినప్పుడు మా నాయన చెంబు దగ్గర ఆగాడు. అవ్వ మాత్రం తనకున్న ఒకే ఒక ఆవును ఇచ్చేసింది. ఎవరడిగినా "ముసిల్దాన్ని, నాకు ఎన్ని పాలు కావల్ల?" అనేది. కొట్టం ఖాళీ అయిపోయిందని మాత్రం ఎవరితోనూ అనలేదు.

మదనపల్లెలో టమోటాలు దించి కుప్పం మీదుగా తమిళనాడు వైపు పోయే ఒక టెంపోలో ఆవూ దూడా మా ఇంటికి వచ్చాయి. మా వైపు పాతకాలపు ఆవులు పొట్టివి. ఇది మరీ పొట్టిది. మా అత్త నడుము దాకా వచ్చింది. బూడిదరంగు, చిన్న కొమ్ములు, లోకమంతా తనకు బాకీ ఉన్నట్టు చూసే చూపు.

మా అత్త చుట్టూ తిరిగి చూసింది.

"ఆవును పంపిస్తామంటిరి గదమ్మా. మేకను పంపినారే?"

"కొమ్ములు చూడండత్తా. ఆవే."

"మేకలకూ ఉంటాయి కొమ్ములు. మా అమ్మగారింట్లో ఎనుములు ఉండేవి. ఒక్కొక్కటీ ఈ గోడంత." వాళ్ల వైపు ఎనుములంటే గేదెలు.

"గోడ పాలిస్తుందా?"

"ఇదిస్తాదా సూస్తాం."

అక్కడ పడింది ముడి. అత్తగారింట ఆ ఆవు పాలు పొయ్యిమీద ఒకసారి పొంగితేనే అది ఆ ఇంటి ఆవు అయినట్టు. అంతవరకూ పరాయిదే. పొంగకపోతే, ఇచ్చినవాళ్లకు తిరిగి తోలేస్తారు. తిరిగి తోలించుకున్న పుట్టిల్లు పాలు లేని ఆవును ఇచ్చి పంపిందని ఊరంతా అంటారు. ఇరవై ఇళ్ల పల్లెలో ఆ మాట పడితే మా అవ్వ నీళ్లకు కూడా బయటికి రాదు. నాకు తెలుసు.

వచ్చిన రోజు సాయంత్రం చెంబు పట్టుకుని కూర్చున్నాను. దూడను విడిచాను. నాలుగు గుక్కలు కుడిచింది. దూడను లాగి కట్టేసి నేను చెయ్యి వేయగానే, ఆవు నడుము వంచి, పొదుగు బిగించి, నావైపు ఒకసారి చూసింది. చుక్క రాలేదు. రెండోసారి చెయ్యి వేస్తే తన్నింది. చెంబు తులసికోట దగ్గర దొరికింది.

మర్నాడూ అంతే. మూడోరోజు మా వీధిలో అయిదిళ్లకు పాలు పిండే మనిషిని పిలిచాం. కాళ్లకు బందం వేసి కూర్చున్నాడు. ఆవు తన్నలేదు. బందంతో సహా అతని ఒళ్లో కూర్చుంది. లేచి దులుపుకుంటూ, "ఇది మనిషి చేతికి అలవాటైన ఆవు కాదక్కా" అని తేల్చేశాడు. దూడ మాత్రం రోజురోజుకూ నిగనిగలాడుతోంది. అంటే పాలు ఉన్నాయి. మాకే లేవు.

పశువుల ఆసుపత్రి దగ్గర ఒకాయన సలహా చెప్పాడు. "ఒక సూది ఏస్తే దబ్బున సేపుతాదమ్మా." ఆ పాలు తాగేది నా బిడ్డ, నువ్వు తాగేట్టయితే వెయ్యి అన్నాను. వెళ్లిపోయాడు.

నాలుగోరోజు మా అత్త గడువు పెట్టింది. "టెంపో ఎనిమిది రోజులకొకసారి ఈ తోవన పోతాదని ఆ డ్రైవరే సెప్పినాడు. వచ్చే సుట్టుకు పొయ్యిమింద పాలు పొంగకుంటే దూడనూ దాన్నీ అందులోనే ఎక్కిచ్చేస్తాం. పాలియ్యని ఆవు పసిబిడ్డ ఉండే ఇంట్లో ఉండకూడదు."

"పాలిస్తుందత్తా. మనకు ఇవ్వడంలేదు, అంతే."

"అదే పాలియ్యని ఆవంటే. దీనికి బదులు ఒక జెర్సీ ఆవునిచ్చుంటే సరిపోయేది."

మా ఆయన పేపరు ఒక పేజీ తిప్పాడు.

అవ్వకు ఫోన్ చెయ్యాలి. మా పల్లెకు ఫోను లేదు, దిగువూరి అంగట్లో ఒకటుంది. అంగడాయనకు ఫోన్ చేసి చెబితే, ఆయన ఎవరితోనైనా కబురు పంపితే, అవ్వ గంట నడిచి దిగి వచ్చి కాచుకుంటే, నేను మళ్లీ చెయ్యాలి. "రేపు సద్దియాళకు ఉండమను" అని కబురు పెట్టాను. ఆ మాట నా నోటినుంచి వచ్చి చాలా ఏళ్లయింది. తొమ్మిది అంటే అవ్వకు తెలియదు, ఏం చెయ్యను?

మర్నాడు సద్దియాళకు కుప్పంలో ఎస్టీడీ బూతులో కూర్చున్నాను. అవతల అవ్వ ఉంది. ఆమెతోపాటు అంగట్లో ఉన్నవాళ్లంతా ఉన్నారని శబ్దాన్నిబట్టి తెలుస్తోంది.

"ఎగజేపుతోంది అవ్వా. చుక్క ఇవ్వడంలేదు."

"యా పక్క కూసుంటాండావు?"

"కుడిపక్క."

"కుడీ ఎడమా నాకు సెప్పొద్దు. ఎగవా, దిగవా?"

"ఇక్కడ ఎగువ ఎక్కడుందవ్వా? అంతా చదునే."

"కొండ లేని ఊర్లో ఎట్ల బతుకుతాండావే తల్లీ!" అంగట్లో ఎవరో నవ్వారు. "సరే, దాని తల పొద్దు పుట్టేతట్టు కట్టి, నీడ పడని పక్క కూసో. దానితో ఏం మాట్లాడతాండావు?"

"ఆవుతోనా? ఏం మాట్లాడాలి?"

అవ్వ గొంతు పెరిగింది.

"ఉత్త నోటితో పిండుతాండావా? ఉత్త నోటితో పిండితే యా ఆవు సేపుతాదే? పలకరించే మనిషి లేకుంటే పాలు యాల ఇస్తాది? మాట్లాడల్ల. సన్ను మింద సెయ్యి ఏసినకాణ్ణుంచి దుత్త నిండేదాంక ఆపకుండా మాట్లాడల్ల."

"ఏం మాట్లాడాలో చెప్పు. రాసుకుంటాను."

అవ్వ గొంతు సర్దుకుని, గుళ్లో నిలబడ్డ మనిషిలాగా చెప్పింది. "మాయమ్మా, బంగారుతల్లీ, లచ్చుమమ్మా, సేపు తల్లీ సేపు, బిడ్డకు పాలియ్యి తల్లీ..." అట్లాంటివి ఏడెనిమిది మాటలు. ముందురోజు బూతు రసీదు వెనకాల రాసుకున్నాను. కాలేజీ చదువు కదా, రాసుకునేటప్పుడే చేయి తనంతట తానే దిద్దింది. లచ్చుమమ్మ లక్ష్మమ్మ అయింది. సేపు చేపు అయింది.

సాయంత్రం ఆవు పక్కన కూర్చుని, రసీదు మోకాలిమీద పెట్టుకుని, ఒక్కొక్కటీ స్పష్టంగా చదివాను. "బంగారుతల్లీ. లక్ష్మమ్మా. చేపు తల్లీ."

ఆవు నెమరేయడం ఆపి విన్నది. మళ్లీ నెమరు మొదలుపెట్టింది.

"రేడియోలో వార్తలు చదువుతున్నట్టుంది" అన్నాడు మా ఆయన కిటికీలోంచి. మా కాపురంలో ఆయన తనంతట తాను వ్యక్తం చేసిన అభిప్రాయాల్లో అది మూడోదో నాలుగోదో.

గొంతు మార్చి చదివాను. పాటలాగా పాడాను. అవ్వ అన్నట్టుగానే, లచ్చుమమ్మా, సేపు తల్లీ అనీ చదివాను. రెండు రోజులు, నాలుగు పూటలు. మా అత్త గడపలో చేటతో కూర్చుని, "బాగుండాదమ్మా, పూజారిని కూడా పిలుద్దామా?" అని అడిగింది. ఏడోరోజు సాయంత్రం ఆవు తన్నడం కూడా మానేసింది. అది ఇంకా అవమానంగా అనిపించింది. నాకు తన్ను కూడా దండగ అనుకున్నట్టుంది.

ఎనిమిదోరోజు. టెంపో మధ్యాహ్నానికి వస్తుంది. మా అత్త రాత్రే పలుపుతాడు కొత్తది తెచ్చి పెట్టింది, టెంపోలో కట్టడానికి. నాకు నిద్ర పట్టక మొబ్బులోనే లేచాను. పాప ఏడుస్తుంటే మా ఆయన భుజానికి అప్పజెప్పి పెరట్లోకి వచ్చాను. రసీదు వెతికితే దొరకలేదు. పోనీ అనుకుని చెంబు కడుక్కుని కూర్చున్నాను. దూడను విడిచి, కుడిపించి, లాగి కట్టాను. చెయ్యి వేశాను. ఆవు నడుము వంచింది. నన్ను చూసింది. తాపీగా కాలు ఎత్తి, చెంబును, తన్ననైనా తన్నకుండా, గిట్టతో పక్కకు తోసింది. వద్దు తియ్యి అన్నట్టు.

ఏదో తెగింది నాలో. నోరు తెరిస్తే వచ్చింది సంపాదకీయం కాదు.

"ఓసి నీ జిమ్మడ! నీ మొగం మండ! కొండమింద కసువు తిని కొవ్వు పట్టిందా ముదనష్టపుదానా? ఎవురికే నీ ఎచ్చులు? నీ అమ్మ యా వామిలో దొంగతనంగా మేసిందో, దాన్ని ఎవురు యా గెనంమింద తరిమినారో నాకు తెల్దనుకుంటాండావా? నువ్వు పుట్టిన్నాడు కాళ్లు పట్టి ఈడ్చింది మా అవ్వ గాదా? దాని కొట్టం కాళీ సేసుకొని నిన్ను నాకిస్తే, దాని తల ఊర్లో వంచల్లని సూస్తాండావా? మా అత్తకు జెర్సీ ఆవు కావల్లంట. గోడంత ఎనుము కావల్లంట. నువ్వేమో ఆయమ్మకు తోడు పోతాండావు! మా ఇంటాయన యా పక్కా మాట్లాడడు. ఆ పేపరు సింపి నీ నోట్లో పెడతా ఈ పొద్దు! సేపుతావా సేపవా? పొద్దెక్కతాండాది, ఇంకా ఎంతసేపే నీ నకరాలు..."

ఆవు చెవులు వెనక్కు తిరిగాయి. నెమరు ఆగింది. తల కిందికి దించి పొడవుగా ఒక ఊపిరి వదిలింది, పని ముగించుకుని ఇంటికి చేరిన మనిషి చెప్పులు విడిచినట్టు. నా చేతికింద పొదుగు మెత్తబడి, బరువెక్కి, నిండుకుంటూ వచ్చింది. నోరు ఆపితే ఆగిపోతుందేమోనని భయం వేసి, చెంబును మళ్లీ పొదుగు కిందికి లాక్కున్నానేగాని నోరు ఆపలేదు. హాస్టల్లో నన్ను సద్దియాళ అన్న పిల్లనుంచి మొదలుపెట్టి, పాలు పిండే మనిషినీ, సూదాయననూ, టెంపో డ్రైవరునూ వరసగా తిట్టాను. యామారి అన్నాను, తిక్కలది అన్నాను, బేవార్సు అన్నాను. పదేళ్లుగా నోట్లో ఆడని మాటలన్నీ ఒక్కటి తప్పకుండా ఉన్నచోటే ఉన్నాయి. చెంబులో పాలధార జుయ్యిమని పడుతూనే ఉంది.

ఆ రెండు చప్పుళ్లు కలిసి వినబడేసరికి నాకు మట్టిగోడ గుర్తొచ్చింది. తెల్లవారుజామున అవతలినుంచి వినవచ్చిన ఆ సన్నటి గొంతు. అది జోల కాదు. మా అవ్వ అన్నేళ్లూ రోజూ పొద్దున్నే ఆవుకు చెప్పుకున్నవి తిట్లు. పోయిన మా తాతను, మా నాయనను, పక్కింటిదాన్ని, వాన రాని మబ్బును, బహుశా నన్నూ. మనిషి అలికిడైతే ఆవు ఎగజేపుతుందని మమ్మల్ని గడప తొక్కనివ్వలేదు కదా. ఎగజేపేది ఆవు కాదు. మేం వింటామని ఆమెకు భయం. అందరినీ అక్కడ దులిపేసుకుని, దుత్త నిండా పాలతో, ముఖం నిండా శాంతంతో బయటికి వచ్చి మాకు సంగటి పెట్టేది. మా అవ్వంత ఓర్పుగల మనిషి లేదని పల్లెలో పేరు.

చెంబు నిండింది. లేచి తిరిగితే గడపలో మా అత్త. ఎప్పటినుంచి నిలబడిందో తెలియదు.

"అయిందా? ఇంకా ఉండాదా?"

"ఆవును తిట్టేదా అత్తా, మిమ్మల్ని తిట్టేదా?"

"రెండూ."

మా అత్త వచ్చి చెంబులోకి తొంగి చూసింది. నురగ వేలితో తీసి నాలుకమీద పెట్టుకుంది.

"మా అమ్మ ఎనుమును ఇట్లే తిట్టేది" అంది. "మీ ఊరి తిట్లలో ఉప్పూ కారం సాలదు. మొగం మండ అంటే అదొక తిట్టా? మావైపు తిట్టు అరవంలో మొదలుపెడితే కన్నడంలో ముగుస్తాది. పడినోడు మూడు రోజులు లెయ్యడు."

"అట్లాంటిది ఒకటి చెప్పండి, చూస్తాను."

"పసిబిడ్డ ఇంట్లో ఉండాది. ఇంకోనాడు." చెంబు నా చేతిలోనుంచి తీసుకుంది. "జెర్సీ కావల్లని నేను ఒక్కసారే అంటి. నువ్వు రెండుసార్లు సెప్పినావు దానికి. అబద్ధాలు సెప్తే పాలు ఇరుగుతాయి."

పాలు విరగలేదు. ఆమే పొయ్యి రాజేసి గిన్నె పెట్టింది. పొంగి అంచు దాటి పొయ్యిలో పడ్డాయి. తూర్పు పక్కకు పొంగాయని ఆమె, తూర్పు అటు కాదని నేను. ఆ వాదనలో ఉండగానే మా ఆయన పాపను ఎత్తుకుని వచ్చి, "టెంపోకు చెప్పేదా, వద్దా?" అని అడిగాడు. ఇద్దరం ఒకేసారి ఆయనమీద పడ్డాం. కొత్త పలుపుతాడు ఆరోజునుంచి పెరట్లో బట్టలు ఆరేసే దండెం అయింది.

మర్నాడు సద్దియాళకు మళ్లీ ఫోన్ చేశాను.

"సేపిందా?" నేను హలో అనకముందే అడిగింది అవ్వ. ఎనిమిది రోజులూ ఎట్లా గడిపిందో ఆ ఒక్క మాటలో తెలిసింది.

"సేపింది. పాలు పొంగినాయి. అయితే నువ్వు చెప్పిన మాటలకు కాదవ్వా."

అంగట్లో ఎవరో దగ్గారు.

"తిట్టినావా?" అంది చాలా చిన్నగా.

"తిట్టినా."

"నన్ను ఏం సెయ్యమంటావు పాపా. అంగట్లో అంతమంది నిలబడి వింటాండారు. ఆ మాటలు ఎట్ల సెప్పేది? నలుగురిలో బాగుండల్ల గదా."

నలుగురిలో బాగుండాలన్న పాఠం ఆమెకు ఎవరు చెప్పారో నాకు బాగా గుర్తుంది. సెలవులకు వచ్చినప్పుడల్లా నేనే చెప్పాను. అయినా ఊరుకుంటే నేనెందుకవుతాను?

"ముందే చెప్పి ఉంటే ఎనిమిది రోజులు తన్నులు తినేదాన్ని కాదు కదా?"

"గోడపక్కనే గదా పండుకొనింటివి అన్నేండ్లూ. నీకు తెలిసే ఉంటాదిలే అనుకుంటి. సదువుకున్నదానివి, ఆమాత్రం తెల్దా అనుకుంటి. ఇంగ పెట్టేయి, ఫోన్ మీటరు ఊరికే తిరుగుతాండాది."

తరవాత అవ్వ కుప్పం వచ్చి మా ఇంట్లో నెలరోజులు ఉంది. ఉన్నన్ని రోజులూ కొట్టం తనదే. మా అత్తా ఆమే పెరట్లో కూర్చుని తిట్లను పోల్చుకునేవారు, కూరగాయలు ఏరినట్టు. ఏది ఎవరిని అనవచ్చు, ఏది పొద్దున అనకూడదు, ఏది కడుపుతో ఉన్న ఆవును అనకూడదు, అన్నీ. మా ఇంటికి వచ్చినా అవ్వ కుడి ఎడమల జోలికి పోలేదు. ఊర్లో కొండ లేదని, పెరట్లోని నీళ్లతొట్టి ఉన్న పక్కను ఎగువ చేసేసింది. మా ఇంట్లో ఇప్పటికీ అదే ఎగువ. "చీపురు ఎగవ పక్క ఉంది" అంటే మా ఆయనకు కూడా అర్థమవుతుంది.

నా కాలేజీ తెలుగు ఏమీ చెడిపోలేదు. అది దాని చోట ఉంది, ఇదంతా దాంట్లోనే రాస్తున్నాను. పొదుగు దగ్గర మాత్రం పనికిరాదు.

ఆ ఆవు మరో నాలుగు ఈతలు ఈనింది. ఇప్పుడు కొట్టంలో ఉన్నది దాని మనవరాలు. అదే బూడిదరంగు, అదే చూపు. దానికీ తిట్లే కావాలి. రోజూ మొబ్బులోనే లేచి నేను అక్కడ దించాల్సినవన్నీ దించేస్తాను. బస్సు ఆపని డ్రైవరు, కరెంటు తీసేసినవాళ్లు, మా ఆయన పేపరు, అప్పుడప్పుడు మా అత్త. చెంబు నిండేసరికి ఎవరిమీదా ఏమీ మిగలదు. వీధిలో నాకు ఓర్పు ఎక్కువని పేరు రాలేదు. ఎప్పటికైనా రాకపోదు.

నా కూతురు ఇప్పుడు ఇంగ్లీషు బడిలో ఏడో తరగతి. దాని మంచం కిటికీ పక్కన, కిటికీ కొట్టం పక్కన. మొన్న పొద్దున కళ్లు నులుముకుంటూ గడప దాకా వచ్చి నిలబడింది.

"అమ్మా, రోజూ ఆవుతో ఏం మాట్లాడతావు?"

"నువ్వు అవతలికి పో" అన్నాను. "మనిషి అలికిడైతే ఎగజేపుతుంది."